కండె మీది నూలు

బ్యాంకు ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు దాటినవాడిని. అందువల్ల ఏ సంగతి చెప్పబోయినా జమాఖర్చుల భాష అడ్డం వస్తుంది. పాఠకులు పెద్ద మనసుతో సర్దుకోవాలి.

మా బ్యాంకుల్లో ఒక పద్ధతి ఉంది. పొదుపు ఖాతాలో ఖాతాదారు రెండేళ్లకు పైగా డబ్బు వేయడం గానీ తీయడం గానీ చేయకపోతే, దాన్ని వాడుకలో లేని ఖాతాగా గుర్తు పెట్టి పక్కన ఉంచుతాం. పదేళ్లు అడిగేవారు లేకపోతే ఆ సొమ్ము, 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసిన ఒక ప్రత్యేక నిధికి వెళుతుంది. ఆ తర్వాతైనా అసలు మనిషో, వారసులో వచ్చి రుజువులు చూపిస్తే తిరిగి ఇస్తారు. అంటే సొమ్ము ఎక్కడికీ పోదు. కాని ఆ పదేళ్లలో దానితో ఒక పిల్ల ఫీజు కట్టలేదు, ఒక ముసలాయన కంటి ఆపరేషను జరగలేదు. ఉన్నదన్న మాటే గాని ఎవరికీ అక్కరకు రాలేదు.

మనుషుల్లో కూడా ఇలాంటి ఖాతాలు చాలా ఉంటాయి. ఒకరికి రోగి దగ్గర కూర్చోగల ఓపిక ఉంటుంది. ఒకరికి తగవు తీర్చగల నేర్పు ఉంటుంది. ఒకరికి పదిమందికి విసుగు లేకుండా వండిపెట్టే గుణం ఉంటుంది. అవి తమలో ఉన్నట్టు వారికే తెలియదు, తెలిసినా బయటికి తీయరు. ఇలాంటి వాటి గురించి క్రైస్తవ విశ్వాసం ఏం చెబుతుందో, మా భివండీలో నేను ఏం చూశానో ఈ నాలుగు పేజీల్లో చెబుతాను.

మన పత్రిక అన్ని మతాల ఇళ్లకూ వెళుతుంది కనుక ముందు మాటకు అర్థం చెప్పాలి. దేవుని ఆత్మ విశ్వాసికి ఇచ్చే సామర్థ్యాన్ని తెలుగు బైబిలు 'కృపావరం' అంటుంది. అపొస్తలుడైన పౌలు రాసిన గ్రీకు మాట 'ఖరిస్మ'. అది 'ఖరిస్', అంటే కృప, అన్న మాటలోంచి పుట్టింది. మన అనువాదకులు కృపనూ వరాన్నీ కలిపి చక్కటి తెలుగు మాట చేశారు. మన పురాణాల్లో వరం తపస్సుకు ఫలం. ఒంటికాలి మీద నిలబడితే గాని దొరకదు. కృపావరం అలా కాదు, సంపాదించుకునేది కాదు, ఊరికే ఇచ్చింది. అయితే ఒక్క విషయంలో రెండింటికీ పోలిక ఉంది. వరం ఇచ్చింది ఎందుకో మరిచిపోతే ఏమవుతుందో భస్మాసురుడి కథ మనకు చిన్నప్పుడే చెప్పింది. ఊరి మీదికి ఎత్తిన చేయి చివరికి తన నెత్తి మీదికే వచ్చింది.

ఎందుకు ఇచ్చినట్టు? దీనికి పేతురు, పౌలు ఇద్దరి జవాబూ ఒకటే: ఇతరుల మేలు కోసం. పేతురు తన మొదటి లేఖ 4వ అధ్యాయంలో, వరం పొందినవాడు యజమాని కాడు, ఇంటి సొమ్మును చూసుకునే నిర్వాహకుడు మాత్రమే అనే అర్థం వచ్చేలా రాశాడు. ఈ మాట బ్యాంకువాడికి వెంటనే తలకెక్కుతుంది. రోజూ లక్షలు మా చేతుల మీదుగా పోతాయి, అందులో ఒక్క రూపాయి మాది కాదు. సాయంత్రానికి లెక్క సరిపోవాలి, అంతే.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు చెప్పిన తలాంతుల కథ చాలామందికి తెలుసు. దూరదేశం వెళుతూ ఒక యజమాని ముగ్గురు సేవకులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. మూడోవాడు భయపడి గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఈ కథ చెప్పేటప్పుడు "పాపం, వాడికి ఒక్కటే ఇచ్చాడు" అని మనం జాలిపడతాం. కామర్సు చదివినవాడిని కనుక ఒకసారి కాగితం మీద లెక్క వేశాను. తలాంతు అంటే నాణెం కాదు, ఒక తూకం. దాని విలువ సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం ఆనాటి కూలిమనిషి ఒక రోజు కూలి. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే, ఒక్క తలాంతు ఇరవై ఏళ్ల కూలి! మూడోవాడు పాతిపెట్టింది చిన్న మొత్తం కాదు. "నా దగ్గర ఏముంది, ఒక్కటే కదా" అనేవారు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. పైగా ఆ కథలో యజమాని, కనీసం సాహుకార్ల దగ్గర వేసినా వడ్డీ వచ్చేది కదా అని అడుగుతాడు. మా వృత్తి ప్రస్తావన సువార్తలో రావడం నాకు కాస్త సంతోషమే.

ఇక మా ఊరి సంగతి. భివండీ ఠాణే జిల్లాలో, ముంబై నుంచి నాసిక్ వెళ్లే దారిలో ఉంది. మరమగ్గాల ఊరు. మన తెలంగాణ వాళ్లు వాటిని సాంచాలు అంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన మన నేతపనివారు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డారు. పద్మానగర్ వీధుల్లో నడిస్తే తెలుగు చెవిన పడకుండా ఉండదు. కొత్తగా వచ్చినవారికి రాత్రిళ్లు సాంచాల చప్పుడుకు నిద్ర పట్టదు. మాకేమో అది ఆగిపోతేనే మెలకువ వస్తుంది.

మా నాన్నగారు కూడా కరీంనగర్ వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చి సాంచాల మీద పనిచేసినవారే. ఇక్కడి తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని కలిసి ఆదివారం సాయంత్రం ప్రార్థన చేసుకునే చిన్న సహవాసంలో నేను పెరిగాను. పెద్ద గుడీ లేదు, గంటా లేదు. ఒకరింటి హాలు, కింద పరిచిన చాపలు, గోడకు ఆనుకున్న ముసలివాళ్లు, పక్క గాలాలోంచి ఆగకుండా వినిపించే సాంచాల మోత.

పౌలు కృపావరాల గురించి ఎక్కువగా రాసింది కొరింథు పట్టణంలోని సంఘానికి. అది కూడా ఇలాంటి వ్యాపారపు ఊరే. ఓడరేవులు ఆనుకుని ఉన్న ఊరు, నానా దేశాలవారు వచ్చి చేరిన ఊరు. పౌలు అక్కడ ఉన్నప్పుడు గుడారాలు చేసే పని చేసుకుంటూ బతికాడు. అతనికి తోడుగా పనిచేసిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు రోము నుంచి వెళ్లగొట్టబడి వచ్చినవారని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. పొట్ట చేతపట్టుకుని వచ్చి, చేతిపనితో నిలదొక్కుకున్న మనుషులు. మన భివండీవారికి ఈ చరిత్ర కొత్తగా అనిపించదు.

ఆ కొరింథు సంఘంలో ఒక తగవు వచ్చింది. కొందరికి తెలియని భాషల్లో ప్రార్థించే వరం ఉంది. అది కళ్లకు కనబడే, చెవులకు వినబడే వరం. అది ఉన్నవారు గొప్పవారు, లేనివారు తక్కువవారు అన్న భావన బయలుదేరింది. అప్పుడు పౌలు శరీరాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. ఒంట్లో కన్నూ ఉంది, చేయీ ఉంది, కాలూ ఉంది. ఒళ్లంతా కన్నే అయితే వినేది ఎవరు? బలహీనంగా కనబడే అవయవాలే మరీ అవసరమైనవి అని వివరించాడు. తెలియని భాషల వరాన్ని అతడు కాదనలేదు, తనకూ ఉందన్నాడు. కాని సభలో పదిమందికి అర్థం కాని వేల మాటల కన్నా అర్థమయ్యే ఐదు మాటలే తనకు ఎక్కువన్నాడు.

మా ఊరి భాషలో చెప్పాలంటే ఇది పడుగు సంగతి. పడుగులో వేల పోగులుంటాయి. ఏ పోగుకూ పేరు లేదు. కాని వాటిలో ఒక్కటి తెగి, చూడకుండా సాంచా నడిపితే బట్ట పొడుగునా గీత పడుతుంది. కొనేవాడు ముందు ఆ గీతే చూస్తాడు, ధర అక్కడే తెగ్గోస్తాడు.

మా సహవాసంలోనూ ఒకసారి అలాంటి గీత పడబోయింది. చాలా ఏళ్ల కిందటి మాట. బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చారు. మంచి వక్త. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు ఆయన, తెలియని భాషల్లో ప్రార్థించనివారికి దేవుని ఆత్మ ఇంకా అందలేదన్నట్టు మాట్లాడారు. కుర్రవాళ్లు కొందరు ఉత్సాహపడ్డారు. వెనక చాప మీద కూర్చున్న కొందరు తల వంచుకున్నారు.

వారిలో ఒకావిడను మేమంతా చిన్నమ్మ అని పిలుస్తాం. భర్త పోయాక ఇంట్లో కండెలు చుట్టి ఇద్దరు పిల్లలను పెంచింది. చదువు లేదు. సభలో ఎన్నడూ లేచి మాట్లాడింది లేదు. ఆమె చేసే పని ఒక్కటే. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, ఎవరు రాలేదో చూసుకుంటుంది. ఆ వారంలోనే వాళ్లింటికి వెళుతుంది. జ్వరమైతే గంజి కాస్తుంది, తగవైతే వింటుంది, పని పోయి ఉంటే తిరిగివచ్చి పెద్దల చెవిన వేస్తుంది. ఇదంతా ఆమె తీరిక వేళల పని అని అందరూ అనుకునేవారు. కండెలు చుట్టేవాళ్లకు తీరిక ఎక్కడిది? ఎన్ని కండెలు చుడితే అంత డబ్బు. ఆమె ఒక ఇంటికి వెళ్లిందంటే ఆ పూట కూలి వదులుకుందనే అర్థం.

ఆ ప్రసంగం తర్వాత చిన్నమ్మ రావడం మానేసింది. ఒక ఆదివారం, రెండు, మూడు. ఎవరికీ తట్టలేదు. రానివారి సంగతి చెప్పే మనిషే రాకపోతే ఇక చెప్పేదెవరు! నాలుగో వారం మా పెద్దాయన ఒకరు గుమ్మం వైపు చూసి, "చిన్నమ్మ ఏదీ?" అన్నారు. అప్పుడు గాని సభకు తెలిసిరాలేదు, ఆ మూడు వారాల్లో ఇంకా రెండు ఇళ్లవాళ్లు రావడం లేదని, అందులో ఒక ఇంట్లో మనిషి మంచాన పడి ఉన్నాడని.

పెద్దాయన, నేను, మా ఇంటావిడ కలిసి ఆమె ఇంటికి వెళ్లాం. చిన్నమ్మ చరఖా ఆపకుండానే మాట్లాడింది. "నాకేం వరం ఉన్నది కొడుకా? కండెలు సుట్టుడు తప్ప ఏం రాదు. దేవుడు నాకేమియ్యలేదట గద, ఇంక అక్కడికొచ్చి ఏం జెయ్యాలె?" అంది. కోపం లేదు ఆ మాటలో. ఒక లెక్క తేలిపోయినట్టు చెప్పింది, అంతే.

పెద్దాయన వాదించలేదు. సంచిలోంచి బైబిలు తీసి కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయం చివరి భాగం చదివారు. అక్కడ పౌలు దేవుడు సంఘంలో నియమించినవాటిని వరసగా చెబుతాడు. అద్భుతాలు చేయడం, రోగులను బాగుచేయడం, వాటి పక్కనే ఏ తేడా లేకుండా ఇతరులకు సాయపడడం, పనులను నడిపించడం, ఆ తర్వాత భాషలు. వెంటనే, అందరికీ అన్ని వరాలూ ఉంటాయా అని అడుగుతాడు, ఉండవు అన్న జవాబు వచ్చేటట్టుగా. పెద్దాయన ఆ సాయపడడం అన్న మాట దగ్గర ఆగి, "ఇది నీ పేరే చిన్నమ్మా" అన్నారు. ఆమె చరఖా ఆపింది. "ఇంకోసారి సదువు" అంది. ఆయన చదివారు. "రాసే ఉన్నదా?" అని అడిగింది. "రాసే ఉంది." మరుసటి ఆదివారం గుమ్మం దగ్గర ఎప్పటిలా నిలబడింది.

ఆ రోజు నుంచి మా సహవాసంలో ఒక మార్పు వచ్చింది. వరం అంటే వేదిక ఎక్కేది మాత్రమే కాదని చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. ఆలోచిస్తే బైబిలు ఈ సంగతి మొదటి నుంచీ చెబుతూనే ఉంది. నిర్గమకాండంలో బెసలేలు అనే శిల్పి ఉన్నాడు. దేవుడు అతన్ని తన ఆత్మతో నింపింది ప్రసంగాలు చేయడానికి కాదు, బంగారం, వెండి, కర్ర, రాయి పనులు చేయడానికి. ఆ జ్ఞానంతో చేసే పనుల వరసలో 35వ అధ్యాయం నేతపనిని కూడా చేర్చింది. మా ఊళ్లో ఈ భాగం చదివినప్పుడు ముసలివాళ్ల ముఖాలు చూడాలి! అపొస్తలుల కార్యాల్లో యొప్పే పట్టణపు దొర్కా ఉంది. ఆమె చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిపెట్టిన బట్టలు తెచ్చి చూపించారు. ఆమె మాటలు ఎవరూ చెప్పలేదు, ఆమె కుట్టు చూపించారు.

మా దగ్గర ఇంకొక వరం పిల్లల్లోంచి బయటపడింది. మన పిల్లలు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు రావు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకున్నా తెలియదు. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) వంటి భక్తులు మనకు మిగిల్చిన కీర్తనలు ఈ తరంతో ఆగిపోతాయేమోనని పెద్దవాళ్లు దిగులుపడేవారు. ఒక పదో తరగతి పిల్ల, వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చుని, తెలుగు కీర్తనలను దేవనాగరి లిపిలో ఒక నోటుబుక్కులో రాసుకుంది. తన కోసం రాసుకుంది. మిగతా పిల్లలు అడిగితే జిరాక్సు తీయించి ఇచ్చింది. ఇప్పుడు వెనక బెంచీ కుర్రాళ్లు కూడా చరణాలతో సహా పాడుతున్నారు. ఆ పుస్తకం చూసి ఇద్దరు ముగ్గురు తెలుగు అక్షరాలు కూడా నేర్చుకోవడం మొదలుపెట్టారు. దీన్ని ఏ వరం కింద జమ వేయాలో నాకు తెలియదు గాని, జమ అయిన మాట నిజం.

ఇవన్నీ ఎంత గట్టివో తేలింది 2020లో. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. భివండీలో సాంచాలు ఆగిపోయాయి. ఎన్ని మీటర్లు నేస్తే అంత కూలి అన్న ఊళ్లో సాంచా ఆగిందంటే పొయ్యి ఆగినట్టే. నాసిక్ రోడ్డు మీద నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో ఉత్తరాదికి నడిచిపోయిన కార్మికులను ఆ రోజుల్లో చూసినవారు మరిచిపోలేరు. బ్యాంకులు అత్యవసర సేవలు కనుక మేము రోజూ వెళ్లేవాళ్లం. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు ప్రభుత్వం నెలకు 500 రూపాయల చొప్పున వేసింది. ఆ 500 కోసం ఎండలో బారులు తీరి నిలబడ్డారు. ఏనాడో తెరిచి మరిచిపోయిన ఖాతా అన్నం పెట్టిన రోజులవి.

సహవాసం కూడిక ఆగింది. వేదిక లేదు, మైకు లేదు, ప్రసంగం లేదు. పాట కూడా ఫోనులోనే. అప్పుడు ఏం మిగిలింది? చిన్నమ్మ మిగిలింది. ఏ ఇంట్లో ఎందరు తినేవారున్నారో, ఎవరు అడగడానికి సిగ్గుపడతారో, ఎవరికి బీపీ మాత్రలు అయిపోతాయో ఆమెకు నోటికి వచ్చు. ఆమె చెబుతుంటే, కీర్తనలు రాసిన ఆ పిల్ల ఫోనులో విని జాబితా తయారు చేసింది. సాంచాలు బాగుచేసే జాబర్ తమ్ముడొకడున్నాడు, ఎవరితోనైనా మాట కలపగలడు, ఏ గల్లీ ఎక్కడ తేలుతుందో తెలుసు. బియ్యం, పప్పు, నూనె అనుమతి ఉన్న వేళల్లో చేర్చే పని అతనిది. జాబితాలో మా ఇళ్లు మాత్రమే కాదు, ఆ చాళ్లలో పక్క గదుల్లో ఉన్న పద్మశాలి కుటుంబాలూ, ముస్లిం కుటుంబాలూ, బీహారు కుర్రాళ్లూ ఉన్నారు. చిన్నమ్మ గంజి కాచేటప్పుడు మతం అడిగే అలవాటు మొదటి నుంచీ లేదు.

నాకు అప్పగించింది లెక్కలు. ఇచ్చినవారి పేరు, మొత్తం, కొన్న సరుకు, మిగిలిన నిలవ రాసి ప్రతి ఆదివారం ఫోనులో చదివి వినిపించేవాడిని. నాతోపాటు ఇంకొకరు సంతకం పెట్టాలని మొదటి రోజే నియమం పెట్టుకున్నాం. ఒకతను నవ్వి, "అన్నా, ఇక్కడ కూడా బ్యాంకేనా?" అన్నాడు. ఈ పద్ధతి బ్యాంకుది మాత్రమే కాదు. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన చందాను తీసుకువెళ్లేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా, సంఘాలు ఎన్నుకున్న మనుషులను పౌలు వెంట తీసుకువెళ్లాడు. రెండో కొరింథీ 8వ అధ్యాయంలో ఉంది. పనులను నడిపించే వరం అంటే మొదట్లో నాకు పెద్ద అధికారాలు గుర్తుకు వచ్చేవి. తూకం చీటీలు జాగ్రత్త పెట్టడం కూడా అందులోదేనని ఆ మూడు నెలలు నేర్పాయి.

ఇది మనవాళ్లకు కొత్త కాదు. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ పని లేక చస్తున్న జనానికి పని చూపించాలని, బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన భూములు కొలిచే సర్వేయరు పని చేసినవాడు. ఆ పాత విద్య ఇక్కడ వేలమందికి కూడు పెట్టింది. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది దొర కాదు, మన తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. ఆ పల్లెల్లో సువార్త మొదట తీసుకువెళ్లినవారిలో యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ భక్తులున్నారు. ఊరు వెలివాడలో పెట్టినవారికి దేవుడు బోధించే వరం ఇచ్చాడంటే, వరాల పంపకంలో మన అంతస్తుల పట్టీ పనికిరాదన్నమాటే.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారిది మరో పాఠం. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషి చేతా, తన చేయి తన తల మీదే పెట్టుకుని, సువార్త చెప్పే బాధ్యత నాదని ఆయన పలికించేవారు. గురువుగారిది కాదు, దొరగారిది కాదు, నాది. అక్షరం రాని కూలివాళ్ల చేత కూడా పలికించారు. ఒక మనిషిలో ఏదో ఉందని ఎదుటివారు నమ్మి చెప్పడం ఎంత బలమో ఆయనకు తెలుసు.

చదివేవారు అడగవచ్చు, నా వరం ఏమిటో నాకు తెలిసేదెలా? నాకు తెలిసినంతవరకు అది ఒంటరిగా అద్దం ముందు కూర్చుంటే తెలియదు. ఏ పని చేసినప్పుడు ఎదుటివారికి మేలు జరిగిందో, మీరు అలసినా విసుగు రాలేదో, అక్కడ వెతకండి. మీ ఇంటివారిని, మీ సంఘంలో పెద్దలను అడగండి. మన వరం మనకన్నా ముందు పక్కవారికి కనబడుతుంది. చిన్న పనితో మొదలుపెట్టండి. చేసినదానికి లెక్క చెప్పే అలవాటు ఉంచుకోండి, డబ్బుకే కాదు, సమయానికి కూడా. పక్కవారి వరం చూసి కుళ్లుకోవద్దు, మన వరం లేనివారిని చిన్నచూపు చూడవద్దు. పౌలు వరాల గురించి 12లోనూ 14లోనూ రాసి, నడుమ 13వ అధ్యాయాన్ని ప్రేమకు ఇచ్చాడు. ప్రేమ లేకుండా వాడిన వరం మోగే కంచు వంటిదని అక్కడే చెప్పాడు. పెళ్లిపందిట్లో వడ్డించేవాడు విసుక్కుంటూ వడ్డిస్తే పంచభక్ష్యాలు కూడా గొంతు దిగవు, ఇదీ అంతే.

సొంత ఊళ్లకు దూరంగా ఉన్న మనలాంటివారికి ఈ సంగతి ఇంకా అవసరం. ఊళ్లో అయితే తాతల నాటి గుడి ఉంటుంది, జీతం తీసుకునే మనిషి ఉంటాడు, పని ఎలాగో నడుస్తుంది. ఇక్కడ ఎవరో ఒకరు చాప పరవకపోతే కూడికే లేదు. ఏ మతం వారికైనా, ఏ సంఘానికైనా ఇదే లెక్క. మన ఉగాది కార్యక్రమానికి తెర కట్టేవాడు, పులిహోర కలిపే అక్క, ఈ పత్రిక ప్రతులను ఇంటింటికీ పంచే కుర్రాడు లేకపోతే సంఘం పేరు బోర్డు మీదే మిగులుతుంది.

కండె మీద చుట్టిన నూలు చూడడానికి అందంగా, నిండుగా ఉంటుంది. దాన్ని నాడెలో పెడితే అటూ ఇటూ పరుగెత్తి, కొద్ది నిమిషాల్లో కండె ఖాళీ అవుతుంది. నూలు మాత్రం పోలేదు, బట్టలో ఉంది. అలమరలో దాచిన కండె ఎన్నాళ్లైనా నిండుగానే ఉంటుంది, కాని దాని వల్ల ఎవరి ఒంటికీ బట్ట రాదు.

చిన్నమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. కళ్లు మసకబారాయి, మెట్లు ఎక్కలేదు. ఆమె తర్వాత గుమ్మం దగ్గర ఎవరు నిలబడతారన్నది కొంతకాలంగా మా అందరి దిగులు. తిమోతికి పౌలు చివరి రోజుల్లో రాసిన లేఖలో, నీలో ఉన్న వరాన్ని నివురు ఊదినట్టు ఊది రగిలించుకోమనే అర్థంలో హెచ్చరించాడు. నివురుగప్పిన నిప్పును ఊదడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా. ఈ మధ్య చిన్నమ్మ ఎవరింటికి వెళ్లినా, కీర్తనలు రాసిన ఆ అమ్మాయి చేయి పట్టుకుని వెళుతోంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, శనివారం సాయంత్రం మాత్రం చిన్నమ్మది. తలుపు తట్టేది అమ్మాయి, లోపలికి వెళ్లి మంచం పట్టె మీద కూర్చునేది చిన్నమ్మ. పోయిన నెల ఒక ఇంటి నుంచి బయటికి వస్తూ చిన్నమ్మ ఆ అమ్మాయితో, "ఆమె నవ్వింది గాని బిడ్డా, పొయ్యి సల్లగున్నది, సూసినవా?" అందట. "చూశాను చిన్నమ్మా" అందట అమ్మాయి. "ఇగ నాకు ఫికరు లేదు" అందట ముసలామె.